గోరంత కార్డు, కొండంత దఫ్తరం

కలెక్టరాఫీసు రికార్డు రూములో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితమంటే గౌరవం, చెదపురుగంటే పగ, ప్రతి పనికీ ఒక నంబరు ఉండాలన్న పట్టుదల, ఈ మూడూ పెన్షనుతో పాటు ఇంటికి తెచ్చుకున్నాను. కనుక రాతకోతలంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోకూడదు. నా ఫిర్యాదల్లా మా ఇంటి కంప్యూటరు మీద. దానికి అదేపనిగా రాసే రోగం అంటించినవాళ్ళ మీద. ఆ రోగానికి మందని చెప్పి ఇంకా పెద్ద పుస్తకం కొనిచ్చినవాళ్ళ మీద. ఫిర్యాదీని నేనే, ముద్దాయిలు నా కుటుంబసభ్యులే కాబట్టి ఇంట్లో న్యాయం జరిగే ఆశ లేదు. పాఠక మహాశయులే పెద్దమనుషులుగా కూర్చుని వినవలసిందని కోరుతూ, జరిగింది జరిగినట్టు విన్నవించుకుంటున్నాను.

మాది కాకినాడలో డాబా ఇల్లు. కింద సంపు, పైన ట్యాంకు, నడుమ మోటారు. స్విచ్చి వెయ్యడం, పేపరు చదువుకోవడం, నీళ్ళు సజ్జ మీద పడ్డ చప్పుడు వినగానే పేపరు పారేసి పరుగెత్తడం, ఇదీ నా దినచర్య. ఇందులో నాకేమీ లోటు కనిపించలేదు. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా అబ్బాయికి కనిపించింది. సంక్రాంతికి వచ్చినప్పుడు, "ఈ వయసులో మెట్లెక్కి ట్యాంకులోకి తొంగిచూడ్డం ఏంటి నాన్నా, కాలు జారితే?" అన్నాడు. కాలు జారుతుందన్న మాట వినగానే మా ఆవిడ వాడి పక్షం చేరిపోయింది. పండగ ముగ్గులు చెరగకముందే మా హాల్లో టీవీ వెనకాల రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డు వెలిసింది.

దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. పిల్లలు ప్రోగ్రామింగు నేర్చుకోవాలని ఇంగ్లండులో రూపొందించి 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి పెట్టారట. నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీన మొదలెట్టారంటేనే అక్కడ ముహూర్తం చూసే దిక్కు లేదని తేలిపోతోంది. మాది ఆ వంశంలో నాలుగో తరం, 2019 నాటి రకం. దాని మీద నడిచే పెత్తందారు పేరు హోమ్ అసిస్టెంట్. 2013లో పౌలుస్ స్కౌట్సెన్ అనే ఆయన మొదలుపెట్టాడట. డబ్బు కట్టక్కర్లేదు. "మన ఇంటి సమాచారం ఏ కంపెనీవాడి దగ్గరికీ పోదు నాన్నా, అంతా మన ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు మా వాడు గర్వంగా. ఆ మాట నిజమే. సమాచారమంతా మన ఇంట్లోనే ఉంది గనకనే అరిగిపోయిన కార్డు కూడా మనదే అయింది.

ఆ బోర్డుకు హార్డ్ డిస్కు ఉండదు. అడుగున చిన్న గాడి ఉంటే అందులో మెమరీ కార్డు దూర్చాడు. పొడుగు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1. నా కాలి బొటనవేలి గోరుతో సరిచూసుకుంటే గోరే గెలిచింది. మోటారు, గీజరు, గేటు లైటు, వరండా ఫ్యాను, మనవడి గదిలో ఏసీ, అన్నీ ఆ ముక్క పెత్తనం కిందికి వెళ్ళాయి. సత్యం చెప్పాలి గనక చెబుతున్నాను: కొన్నాళ్ళు సుఖంగానే గడిచింది. ట్యాంకు నిండితే మోటారు తనంతట తనే ఆగేది. నేను పేపరు ఎడిటోరియల్ దాకా చదవగలిగాను. అందులో ఏమీ లేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత జబ్బు బయటపడింది. ముందు మందకొడితనం. గేటు లైటు వెయ్యమంటే కాసేపు ఆలోచించుకుని, వచ్చిన చుట్టం చీకట్లో తడుముకుంటూ గుమ్మంలోకి చేరాక వేసేది. ఆపైన మతిమరుపు. నిన్నటి గ్రాఫు అడిగితే తెల్ల కాగితం చూపించేది. చివరికి ఒక తెల్లవారుజామున మోటారు వేసింది, ఆపలేదు. నేను లేచి చూసేసరికి ట్యాంకు పైనుంచి నీళ్ళు జలజలా సజ్జ మీదికి, సజ్జ మీంచి పక్కింటివారి గోడ మీదికి, అక్కణ్ణుంచి వీధిలోకి పోతున్నాయి. మా ఆవిడ అప్పుడే పెట్టిన మెలికల ముగ్గు చుక్కలతో సహా కాలవలో కలిసింది. గేటుకు తగిలించిన సంచీలో పాల ప్యాకెట్లు తడిసి వేలాడుతున్నాయి. చేతిలో ఫోను మాత్రం ట్యాంకు 62 శాతం నిండిందని ప్రశాంతంగా చెబుతోంది. నేను నెత్తిన నీళ్ళు కారుతూ నిలబడి చూస్తున్నంతసేపూ అది 62 దగ్గరే ఉంది. పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి, "ఆటోమేటిక్కా అండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు తగిలినంతగా నీళ్ళు ఆయన గోడకు తగల్లేదు.

వీడియో కాల్లో మా వాడు లాగ్ ఫైళ్ళు చూసి, "ఫైల్ సిస్టం రీడ్-ఓన్లీ అయిపోయింది నాన్నా, కార్డు పోయింది" అని తేల్చాడు. శనివారం పొద్దున్నే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో దిగాడు. పోయిందన్న కార్డును తన ల్యాప్‌టాప్‌లో పెడితే ఉన్నదంతా శుభ్రంగా చదివిస్తోంది. కొత్తగా ఒక్క అక్షరం చేర్చమంటే మాత్రం ససేమిరా అంటోంది. ఫ్లాష్ మెమరీ అరిగిపోయినప్పుడు కొన్ని కార్డులు ఇలా రాత మానేసి చదువుకే పరిమితమవుతాయట. ఇది రాత మానెయ్యడానికి ముందు అసలేం రాసిందో చూద్దామని కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. రికార్డు రూము మనిషిని, చూడకుండా ఉండలేను.

చూశాను. గీజరు ప్లగ్గు దగ్గర ఓల్టేజీ 231.4 అని ఒక పద్దు. కొన్ని సెకన్లకు 231.9. మళ్ళీ 231.4. మళ్ళీ 231.6. గీజరు ఆపి ఉంది. అయినా పద్దు ఆగలేదు, రాత్రంతా ఇదే. వరండా బల్బుకు వైఫై సిగ్నలు ఎంత అందుతోందో ఇంకో పద్దు. వంటింట్లో వేడి ఒక డిగ్రీలో పదో వంతు పెరిగిందని ఒకటి, తగ్గిందని ఒకటి. వీటన్నిటి మధ్యా సూర్యుడి పేరుతో ఒక ఖాతా. సూర్యుడు దిగంతానికి పైన ఉన్నాడని పొద్దున ఒక మాట, కింద ఉన్నాడని సాయంత్రం ఒక మాట. మూరెడు పంచాంగం ఏడాది సూర్యోదయాలన్నీ ఉగాదినాడే అచ్చేసి చేతిలో పెడుతుంది. ఈ మహానుభావుడు రోజూ కిటికీలోంచి చూసినట్టు రాసుకుంటున్నాడు. ఇన్నాళ్ళలో ఈ పద్దుల్లో ఒక్కటైనా ఎవరైనా తెరిచి చూశారా అని ఇంటిల్లిపాదినీ అడిగాను. మనవడు ఒక్కడే చెయ్యెత్తాడు, అదీ బాత్రూముకి వెళ్ళడానికి.

ఈ రాతపనికి రికార్డరు అని పేరట. వచ్చిన మార్పులన్నీ పోగుచేసి, ఎవరూ మార్చకపోతే అయిదు సెకన్లకోసారి ఎస్‌క్యూలైట్ డేటాబేసులో దించుతుంది. పది రోజులు ఉంచి, ఆపైన పాతవి చెరిపేస్తుంది. ఈ చివరి మాట విని కాస్త సంతోషించాను. మా ఆఫీసులోనూ ఆ పద్ధతి ఉంది. డి.డిస్. వేసిన ఫైలుకు పదేళ్ళు ఆయుష్షు, ఆర్.డిస్. వేసింది శాశ్వతం. పదేళ్ళు పది రోజులైనందుకు నాకేమీ బాధ లేదు. తర్వాత తెలిసింది, గంటకోసారి తీసే సగటు లెక్కలు మాత్రం ఎప్పటికీ చెరపదని. అంటే భూమి రికార్డులతో సమానంగా మా గీజరు ఓల్టేజీకి ఆర్.డిస్. హోదా దక్కింది!

ఇంతకీ రాస్తే అరగడమేమిటని అడిగాను. మా వాడు చెప్పిన దాన్ని నా భాషలో చెబుతాను. 1987లో జపాను కంపెనీ తోషిబాకు చెందిన ఫ్యుజియో మసువోకా బృందం లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్ అనే సరుకుతోనే ఈ కార్డులు తయారవుతాయి. అందులో పేజీ మీద రాయవచ్చు గానీ, రాసినదాని మీద దిద్దడానికి వీల్లేదు. ఒక్క అంకె మారినా కొత్త పేజీ తియ్యాలి. పాత పేజీని చెరపాలంటే ఆ పేజీ ఒక్కటే చెరగదు, వందలాది పేజీల కట్ట మొత్తం చెరపాలి. ఆ కట్టలో పనికొచ్చే పేజీలుంటే ముందు వాటిని ఇంకో కట్టలోకి ఎత్తి రాసుకోవాలి. ఒక్క జీవో నంబరు దిద్దడానికి దఫ్తరం మొత్తం విప్పి, కాపీ చేసి, కాల్చి, మళ్ళీ కట్టమన్నట్టు. అదీ అయిదు సెకన్లకోసారి. ప్రతి కట్టా ఇన్నిసార్లే చెరపడానికి ఓర్చుకుంటుంది. ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. గుమాస్తానైతే నేను మొదటి రోజే ఎత్తేసేవాణ్ణి.

1999లో శాండిస్క్, తోషిబా, పానసోనిక్ కలిసి ఈ ఎస్‌డీ కార్డుల జాతిని తెచ్చింది కెమెరాలూ పాటల డబ్బాలూ వాడేవాళ్ళ కోసం. పెళ్ళిలో ఫొటో తీస్తే ఒక్కసారి గుప్పున రాసుకుని, మళ్ళీ తలంబ్రాల దాకా ఊరుకోవడం దాని స్వభావం. ఇలా రాత్రింబవళ్ళు చిల్లర పద్దులు రాయించడం దానికి తెలియని కొలువు. కార్డు మీది అక్షరాలు భూతద్దం పెట్టి చూశాను. సర్కిల్లో 10 అంటే సెకనుకు 10 మెగాబైట్లు. వి30 అంటే 30. ఏ1 అంటే చిల్లర రాతలు సెకనుకు 500కు తగ్గకుండా. అన్నీ ఎంత వేగంగా రాస్తుందో చెప్పేవే. ఎన్నాళ్ళు రాస్తుందో చెప్పే అక్షరం ఆ గోటి మీద ఒక్కటీ లేదు. దీనికి తోడు మా వీధిలో కరెంటు చెప్పి పోదు. ఇన్వర్టరు ఉంది గానీ అది లైట్లకూ ఫ్యాన్లకూ. టీవీ ప్లగ్గు ఆ లైను మీద లేదు. పద్దు సగం రాస్తూండగా కరెంటు పోతే, వచ్చాక మిగతా సగం ఎవరు రాయాలి?

బ్యాకప్పు సంగతి కూడా పెద్దలు ఆలకించాలి. "బ్యాకప్పు ఉంది నాన్నా, రోజూ తీసుకుంటుంది" అని మా వాడు ధైర్యం చెప్పాడు. ఎక్కడుందని అడిగాను. ఆ కార్డులోనే ఉంది. వేరే చోటు చెబితే తప్ప అది తన దగ్గరే దాచుకుంటుందట. కార్డు చదువు మానెయ్యలేదు గనక బతికిపోయాం. దాన్ని బయటికి తీస్తే తాళం వేసి ఉంది. పొడుగాటి అక్షరాల తాళంచెవి అడిగింది. మొదట పెట్టినప్పుడు అచ్చు తీసిన కాగితం ఏమైందో మా వాడికి గుర్తు లేదు. మా ఆవిడ లోపలికి వెళ్ళి పంచాంగంలోంచి తెచ్చి ఇచ్చింది. "ఏమో, మీ ఇద్దరి సంగతీ తెలుసు కదా, దాచాను" అంది. ఆ రోజు మా ఇంట్లో సక్రమంగా జరిగిన ఆటోమేషను అదొక్కటే.

ఇక మందు. ఎస్‌ఎస్‌డీ అనే డిస్కు తెప్పించారు. కార్డు వందల్లో వస్తే ఇది వేలల్లో వచ్చింది. విప్పి చూస్తే ఇందులో ఉన్నదీ ఆ నాండ్ ఫ్లాష్ సరుకే. "మరి తేడా ఏంట్రా?" అంటే, రాతలన్నీ ఒకే చోట పడకుండా అన్ని కట్టలకూ సమానంగా పంచే మంచి కంట్రోలరు ఉంటుందనీ, అరిగినవాటి స్థానంలో పెట్టడానికి అదనపు కట్టలు దాచి ఉంచుతారనీ చెప్పాడు. పని సమానంగా పంచే అధికారి, ఖాళీలకు రిజర్వు సిబ్బంది! సర్వీసంతా ప్రభుత్వాన్ని మేం అడిగిందీ అదే. మాకు దక్కలేదు, గీజరుకు దక్కింది.

దాన్ని బిగించడం ఒక వారాంతపు యజ్ఞం. కార్డును బూటు చెయ్యడానికి మాత్రం ఉంచి, రాతలన్నీ డిస్కులోకి మళ్ళించే మార్గం ఒకటుంది. మా వాడు కార్డును పూర్తిగా తీసేద్దామన్నాడు. 2020 నుంచి ఈ నాలుగో తరం బోర్డు యూఎస్‌బీ మీంచే లేవగలదట, లోపలి బూట్‌లోడరు కొత్తదైతే చాలు. సరే, కొత్తది చేశాడు. లేవలేదు. డిస్కుకూ బోర్డుకూ మధ్య ఉన్న కేబులులో ఒక చిప్పు ఉంటుంది. ఆ చిప్పూ ఈ బోర్డూ వేగంగా మాట్లాడుకోవాలని చూసి మాట కలవక అలిగాయి. ఒక ఫైలులో ఒక ముక్క చేర్చి, పాత పద్ధతిలో నిదానంగా మాట్లాడుకోమని సంధి కుదిర్చాడు. అప్పుడు లేచి, మళ్ళీ పడింది. ఈసారి కరెంటు చాలలేదు. బోర్డు తన నాలుగు యూఎస్‌బీ రంధ్రాలకూ కలిపి 1.2 ఆంపియర్లకు మించి ఇవ్వదు. దాని అడాప్టరు 3 ఆంపియర్లది ఉండాలి. దానికి తగిలించి ఉన్నది ఎవరిదో పాత ఫోను చార్జరు. ఎవరిదని అడిగితే ఇంట్లో అందరూ సీలింగు వైపు చూశారు.

అడాప్టరు మార్చాక నిలబడింది. గేటు లైటు చిటికెలో వెలిగింది. గ్రాఫులు అడగ్గానే వచ్చాయి. మా వాడు కాఫీ అడిగి తాగి, బెంగుళూరు రైలెక్కాడు. మర్నాడు సాయంత్రం నుంచి వరండాలో మనిషి కదిలినా లైటు వెలగదు. తలుపు తెరిచినా తెరవలేదంటుంది. ఈ సెన్సర్లు జిగ్బీ అనే రేడియోతో మాట్లాడతాయి, 2.4 గిగాహెర్ట్జ్ మీద. యూఎస్‌బీ 3.0 తీగలూ పరికరాలూ సరిగ్గా అక్కడే రొద చేస్తాయని ఇంటెల్ కంపెనీ 2012లోనే కాగితం రాసి పెట్టింది. ఆ మాటలు వినే మా జిగ్బీ పుల్ల కొత్త డిస్కును ఆనుకుని ఉంది. పక్కన ఇంత గోల పెట్టుకుని తలుపు చప్పుడు వినమంటే ఎలా వింటుంది? మందు చెప్పాడు ఫోనులో: ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి ఆ పుల్లను దూరంగా జరపమని. ఇప్పుడది కిటికీ ఊచకు, కూరల సంచీకి వచ్చిన రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. చూసినవాళ్ళు దిష్టికి కట్టామనుకుంటున్నారు. నేను కాదనడం లేదు.

పెద్దలారా, ఇక్కడికి నా ఫిర్యాదు ముఖ్యాంశానికి వస్తున్నాను. ఇంత ఖర్చూ, ఇంత శ్రమా ఎందుకు? ఎవరూ చదవని రాతలు నిరాటంకంగా సాగడానికి. అక్కర్లేని పద్దుల్ని రికార్డరు జాబితాలోంచి తీసెయ్యవచ్చట, నాలుగు వరసల పని. ఆ నాలుగు వరసలూ ముందే రాసి ఉంటే కార్డు ఇంకా ఎన్నాళ్ళో కొలువు చేసేది. కనుక పండక్కి అందరూ చేరినప్పుడు తీర్మానం ప్రవేశపెట్టాను: ఇకమీదట ఈ ఇంట్లో ట్యాంకు, మోటారు తప్ప మరేదీ రాయరాదు.

తీర్మానం వీగిపోయింది. మా ఆవిడ గీజరు పద్దు తియ్యనివ్వలేదు. వేడినీళ్ళు ఎవరు ఎంతసేపు పోసుకుంటున్నారో దానివల్లే తెలుస్తోందట. కోడలు మనవడి గది ఉష్ణోగ్రత ఉండాలంది. మనవడు ఫ్రిజ్ తలుపు పద్దు ఉంచమన్నాడు, ఐస్‌క్రీం తాతే తింటున్నాడని నిరూపించడానికి. ఆ అంశం చర్చకు రాకుండా నేను జాగ్రత్తపడ్డాను. మా వాడు ఓల్టేజీ ఉండి తీరాలన్నాడు, ఎప్పుడైనా పరికరం కాలితే సాక్ష్యం కావాలి కదా అని. సూర్యుడి తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు గనక ఆయన ఖాతా ఒక్కటి కొట్టేద్దామన్నాను. పద్దు కొట్టేసినా ఆయన్ని చూసి వెలిగే వరండా లైటు ఆగదట, అయినా ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరి పద్దు వాళ్ళకు ముద్దు, పక్కవాడి పద్దు దండగ. ఆఫీసుల్లో ఫైళ్ళు ఎందుకు తగ్గవో నాకు రిటైరయ్యాక అర్థమైంది.

డిస్కు పెట్టె మీద 80 టీబీడబ్ల్యూ అని ఉంది. 80 టెరాబైట్లు రాసేదాకా పూచీ అని అర్థమట. కాగితం తీసి లెక్క కట్టాను. రోజుకు 5 గిగాబైట్లు రాసిందనుకున్నా 16,000 రోజులు, అంటే నలభై మూడేళ్ళ పైమాట. వెయ్యేళ్ళు వర్ధిల్లమని నన్ను దీవించినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ ఇలా రాతపూర్వకంగా పూచీ ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. నా తర్వాత ఈ ఇంట్లో ఎవరుంటారో తెలియదు. ఆ నాటికి గీజరు తుప్పు పట్టి పాత ఇనుములో పోతుంది. అది ఏ రాత్రి 231.4 ఓల్టుల దగ్గర ఖాళీగా కూర్చుందో మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

పై కారణాల చేత నేను కోరే ఉపశమనాలు మూడే మూడు. గోడ మీద స్విచ్చి నొక్కితే కంప్యూటరు బతికున్నా పోయినా దీపం వెలగాలి. ట్యాంకు నిండితే మోటారు ఆపే బాధ్యత, నీటి మీద తేలి తీగ లాగే పాతకాలపు ఫ్లోటు స్విచ్చికి కూడా ఇవ్వాలి. దానికి జ్ఞాపకశక్తి లేదు, కాబట్టి మతిమరుపూ రాదు. మూడోది, ఎవరూ చదవని పద్దు ఎవరూ రాయకూడదు.

మొదటి రెండూ మా వాడు అక్కడికక్కడే మంజూరు చేశాడు. మర్నాడే ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్లోటు బిగించి వెళ్ళాడు. మూడోదాని మీద కూడా సానుకూలంగానే స్పందించాడని చెప్పాలి. "నువ్వన్నదాంట్లో న్యాయం ఉంది నాన్నా. ఏ పద్దు ఎక్కువ రాస్తోందో తెలిస్తే దాన్నే ఆపేద్దాం. ముందు లెక్క తెలియాలి కదా?" అన్నాడు. అందుకని డిస్కు మీద ఎంత రాత పడుతోందో కొలిచే సెన్సరు ఒకటి కొత్తగా పెట్టి వెళ్ళాడు. అది నిమిషానికోసారి రాస్తుంది.